సుద్దముక్క మార్కులు

చొక్కా మెడపట్టీ తిప్పి, కిటికీ వెలుతురుకి పట్టి చూసి, చీటీ మీద సుద్దముక్కతో ఒకటి వేసింది పిచ్చుక. తర్వాతి చొక్కా జేబు కింద టీ మరక. రెండు. ఆ తర్వాత ఒక తెల్ల దుప్పటి, మూలన ఎండిపోయిన రక్తం బొట్టు. రెండు వేయబోయి ఆగి, గోటితో గీకి చూసి మూడు వేసింది. నల్లట్ట చీటీని పిన్నుతో గుచ్చి దుప్పటిని పక్క బుట్టలోకి విసిరింది.

రోజూ పొద్దున ఈ పని ఆమెదే. ఇంటి ముందు గది లాండ్రీ, వెనక రెండు గదులూ ఇల్లు. వచ్చిన ప్రతి బట్టకీ ఒక నల్లట్ట చీటీ, చీటీ మీద ఒక అంకె. ఈ అంకెలు తాతయ్య పెట్టినవి. ఒకటంటే నీళ్ళకే పోయే మురికి. రెండంటే సబ్బుకి లొంగుతుంది. మూడంటే చెయ్యి పడాలి, ఓపిక పట్టాలి, అప్పుడు పోతుంది. నాలుగంటే పోతుందని మాట ఇవ్వకూడదు. ఐదంటే దండం పెట్టి తిరిగి ఇచ్చేయడమే. ఇంకో నియమం కూడా ఆయనదే: అంకె ఎవరు వేస్తే ఆ బట్ట వాళ్ళది. మడత పెట్టి చేతికిచ్చేదాకా వాళ్ళే చూసుకోవాలి. ఊరికే అంకె పారేసి చేతులు దులుపుకుంటే కుదరదు.

తాతయ్య పోయి పదేళ్ళయినా ఆ అంకెలు పోలేదు సరికదా, బట్టలు దాటి ఇంట్లోకి కూడా వచ్చేశాయి. కూర కుదిరిన రోజు నాన్న మాట్లాడకుండా ఒక వేలు చూపిస్తాడు. అమ్మ దానికే పొంగిపోతుంది. పక్కింటాయన తెల్లవారుతూనే గొంతు సవరించుకోవడం మొదలుపెడితే అమ్మ "ఐదు, ఐదు" అని గొణుక్కుంటూ కిటికీ వేసేస్తుంది. కొత్తగా ఎవరైనా ఇంటికొస్తే అర్థం కాక అటూ ఇటూ చూస్తారు.

పిచ్చుక అసలు పేరు బడి రిజిస్టరులో భద్రంగా ఉంది. మాటలు వచ్చినప్పటి నుంచి నోరు మూతపడదు కాబట్టి ఇంటిల్లిపాదికీ పిచ్చుకే. అక్క దానికి సరిగ్గా తిరగేసిన మనిషి. అడిగినదానికి ఒక ముక్క, అడగనిదానికి అది కూడా లేదు. కాలేజీలో మూడేళ్ళు రసాయనశాస్త్రం చదివి, నేరుగా ఇంటికొచ్చి, నాన్న పక్కన నిలబడి మరకల పని అందుకుంది. వీధిలో అందరూ ఆమెని మరకల డాక్టరు అంటారు. కొందరు మెచ్చుకుంటూ అంటారు, కొందరు నవ్వుతూ అంటారు. అక్క రెండింటికీ ఒకేలా తలూపుతుంది.

ఆ రోజు పిచ్చుక నోరు కూడా కాస్త తగ్గే ఉంది. సాయంత్రం నాలుగింటిలోపు ఆమె అడ్మిషన్ల ఆఫీసులో ఒక కాగితం ఇచ్చి రావాలి. రెండు కాలేజీల్లో సీటొచ్చింది. ఒకటి అక్క చదివిన పాత కాలేజీ, అదే రసాయనశాస్త్రం. ఇంకోటి అద్దాల గోడలతో కొత్తగా కట్టిన కాలేజీ, వ్యాపార నిర్వహణ. కాగితం మీద రెండు గళ్ళు. ఒకదాంట్లో టిక్కు పెట్టి సంతకం చేసి ఇస్తే రెండోది చేజారినట్టే.

నెల రోజులుగా అక్కని అడగని రోజు లేదు.

"ఎలా ఉంటుందక్కా అక్కడ?"

"కాలేజీలా ఉంటుంది."

"అబ్బా, బాగుంటుందా అని!"

"నేను చెప్తే నా మాట మీద వెళ్తావు. రేపు నచ్చకపోతే నన్ను తిట్టుకుంటావు, నచ్చితే నాకు దండం పెడతావు. రెండూ నాకొద్దు."

కొత్త కాలేజీ వాళ్ళు మాత్రం నున్నటి పుస్తకం పంపించారు. అందులో ప్రతి పేజీలోనూ ఎవరో ఒకరు పచ్చగడ్డి మీద కూర్చుని నవ్వుతూ ఉంటారు. 'మా విద్యార్థుల్లో నూటికి తొంభై ఎనిమిది మంది సంతృప్తిగా ఉన్నారు' అని పెద్దక్షరాల్లో ఉంది. పిచ్చుక అది గట్టిగా చదివి వినిపిస్తే అక్క ఇస్త్రీపెట్టె ఎత్తకుండానే అంది: "ఆ మిగతా ఇద్దరితో మాట్లాడాలని ఉంది."

"వాళ్ళు ఆ గడ్డి మీద కూర్చోవడానికి చోటు దొరక్క తిరుగుతుంటారు," అంది అమ్మ.

అక్కడితో ఆ సలహా అయిపోయింది.

ఇంతలో వారం కిందట పాత కాలేజీ నుంచి అక్కకి ఒక కవరు వచ్చింది. చదువు ముగించుకుని వెళ్ళిన వాళ్ళంతా తమ చదువు ఎలా సాగిందో, ఎంత అక్కరకొచ్చిందో చెప్పాలట. రెండు కాగితాలు. మొదటిదాని మీద ప్రిన్సిపాలు ఉత్తరం, దాని కింద ఎలా నింపాలో నాలుగు ముక్కలు. రెండోదాని మీద ఇరవై రెండు ప్రశ్నలు, ఒక్కోదాని పక్కన ఒక్కో ఖాళీ గడి, అడుగున 'ఇంకా ఏమైనా చెప్పదలిస్తే' అని అరపేజీ తెల్లగా. అక్క మొదటి కాగితం వచ్చిన రోజే చదివి గోడ అద్దం వెనక దోపింది. రెండోది ఇస్త్రీ బల్ల అంచున పడి ఉండి ఆవిరికి ఒక మూల ముడుచుకుపోయింది. నిన్న ఇస్త్రీపెట్టె వేడెక్కేలోపు పెన్ను తీసి, బట్టలకి చీటీలు వేసినంత వేగంగా గళ్ళన్నీ నింపేసింది. అరపేజీ తెల్లగానే వదిలేసింది.

"పిచ్చుకా, ఎలాగూ బయటికి వెళ్తున్నావుగా. అవి రెండూ కవర్లో పెట్టి అతికించి పోస్టు డబ్బాలో వేసెయ్," అంది పొద్దున.

అతికించే ముందు చదవొద్దని అక్క అనలేదు. అనలేదు కాబట్టి చదవొచ్చని పిచ్చుక తనకి తనే చెప్పుకుంది. చీటీల పని అవగానే అద్దం వెనక కాగితం లాగి, వెనక గదిలోకి వెళ్ళి, తలుపు ఓరగా వేసుకుంది. ముందు సూచనలు చదివింది. ఒకటి అంటే అస్సలు బాగాలేదు, ఐదు అంటే చాలా బాగుంది. సరే. రెండో కాగితం తిప్పింది.

పాఠాలు చెప్పిన తీరు: ఒకటి. ప్రయోగశాల: ఒకటి. అధ్యాపకులు మీ సందేహాలు తీర్చేవారా: ఒకటి. గ్రంథాలయం: రెండు. క్యాంటీను: ఐదు. హాస్టలు స్నానాల గదులు: ఐదు. నేర్చుకున్నది మీ పనికి ఎంత ఉపయోగపడింది: ఒకటి. మళ్ళీ అవకాశం వస్తే ఇదే చదువు ఎంచుకుంటారా: ఒకటి. ఇంకొకరికి ఈ కాలేజీని చెప్తారా: ఒకటి.

పిచ్చుక మంచం మీద కూర్చుండిపోయింది. మూడేళ్ళు. సెలవులకి వచ్చినప్పుడల్లా సంచీ నిండా పుస్తకాలు మోసుకొచ్చిన అక్క, వెళ్ళేటప్పుడు ఇంకో రెండు జతల బట్టలు సర్దుకుని ముందు గది మెట్టు మీద నుంచి చెయ్యూపిన అక్క. ఆ మూడేళ్ళలో ఆమెకి బాగా అనిపించినవి క్యాంటీనూ స్నానాల గదులూనా? అందుకేనా ఎప్పుడడిగినా మాట దాటేసేది? తనని వెళ్ళమనడానికి మనసొప్పక, వద్దని చెప్పడానికి నోరు రాక?

ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. చేతికందిన పెన్ను తీసుకుని తన కాగితం మీద కొత్త కాలేజీ గడిలో టిక్కు పెట్టేసింది. పెట్టాక చూసుకుంటే, అది దుప్పట్ల మూలన గుర్తులు వేసే పెన్ను. ఎన్ని ఉతుకులు ఉతికినా పోని సిరా. పోనీలే, ఇంకా మంచిది అనుకుని కాగితాలన్నీ, కవరూ పట్టుకుని ముందు గదిలోకి వచ్చింది.

అక్కడ బ్యాంకు మేనేజరు బల్ల మీద ఒక తెల్ల చొక్కా పరిచి ఉన్నాడు. భుజం మీద గోధుమరంగు మచ్చ, చుట్టూ పసుప్పచ్చటి అంచు.

"కుర్చీ మేకు తగిలిందమ్మా. ఇంట్లో మేమే ప్రయత్నించాం, ఇంకా ముదిరింది."

అక్క వంగి చూసింది. "బ్లీచింగు వేశారా సార్?"

"కొంచెమే."

"కొంచెమే వేసినా అంతే. అది తుప్పు సార్. బ్లీచింగు పడితే తుప్పు ఇంకా గట్టిగా అంటుకుంటుంది. దీనికి పులుపు కావాలి." చేతి తొడుగులు వేసుకుంది. పై అరలోంచి చిన్న సీసా దించి, గాజుకడ్డీతో రెండు చుక్కలు మచ్చ అంచున వేసింది. మధ్యలో వేయలేదు. అంచు నుంచి లోపలికి, చుక్క చుక్కగా. కాసేపటికి పసుప్పచ్చ అంచు మంచులా చెదిరిపోసాగింది. మేనేజరు కళ్ళజోడు పైకెత్తి చూశాడు.

"ఇదంతా కాలేజీలో నేర్పారా?"

"మరకలు నేర్పలేదు సార్. ఏది దేంతో కలిస్తే ఏమవుతుందో నేర్పారు."

"అంత చదివి ఇక్కడ... ఏ పెద్ద కంపెనీలోనో ఉండాల్సినదానివి తల్లీ," అన్నాడు ఆయన, జాలీ మెచ్చుకోలూ కలిపి.

"మీరు నేరుగా మా దగ్గరికి తెచ్చుంటే రెండు సార్. ఇప్పుడు మూడు. రేపు సాయంత్రం రండి," అని చీటీ మీద మూడు వేసి గుచ్చింది అక్క. ఆ గుచ్చడంలో చిన్న సంబరం ఉంది. మేనేజరు వెళ్ళిపోయాక కూడా ఆ మచ్చ వైపు అలా చూస్తూనే ఉంది, పిల్లాడి నిద్ర చూసే తల్లిలా.

పిచ్చుకకి అది ఇంకా మండించింది. నచ్చని చదువు చదివిన మనిషి మొహం అలా ఉంటుందా? ఎవరి ముందు ఈ వేషం?

భోజనాల దగ్గర ఆపుకోలేకపోయింది. నాన్న రెండో ముద్ద నోట్లో పెట్టుకునేలోపే పేలింది.

"నీకంత నచ్చకపోతే నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా!"

అక్క తలెత్తింది. "ఏం నచ్చలేదు?"

"ఏం నచ్చలేదా? కాలేజీ! పాఠాలకి ఒకటి, లాబుకి ఒకటి, మళ్ళీ చదువుతావా అంటే ఒకటి! మూడేళ్ళు అక్కడ ఉండి వచ్చి ఇంట్లో ఒక్కరికి చెప్పలేదు. కాగితానికి చెప్పావు, నాకు చెప్పలేదు!"

"చదివావా?"

"చదివాను. తిట్టు."

అక్క తిట్టలేదు. కంచం వైపు, పిచ్చుక వైపు మార్చి మార్చి చూసింది. "ఒకటేగా వేశాను. బాగున్నవాటికి ఒకటి వేయక ఐదు వేస్తామా?"

గదిలో ఎవరూ నమలడం లేదు.

ముందుగా అర్థమైంది అమ్మకి. గరిటె గిన్నెలో వదిలేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, గోడకి జారగిలబడి నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు మధ్యలో ఒక్కో ముక్కా బయటికొచ్చింది: "కాలేజీకి... చీటీ గుచ్చేసిందండీ... మన పిల్ల!"

పిచ్చుక పరుగెత్తి మొదటి కాగితం తెచ్చి అక్క ముందు పెట్టింది. అక్క సూచనలు చదివింది. మళ్ళీ చదివింది. చెవులు ఎర్రబడ్డాయి. "వచ్చిన రోజు చదివానే. వారమయ్యేసరికి..." అని ఆగిపోయింది.

"క్యాంటీనుకి ఎంత వేశావే?" అన్నాడు నాన్న.

"ఐదు."

"అయ్యో! అది చదివాడంటే క్యాంటీనువాడు నీ ఫోటోకి దండేస్తాడు."

"ఫోటోకి దండెందుకండీ, పిల్ల బతికే ఉంటే! ఆ టీ తాగి కూడా బతికొచ్చింది," అంది అమ్మ కళ్ళు తుడుచుకుంటూ.

అక్క నవ్వలేదు. ఆమెకి ఇంకో సంగతి తట్టింది. "లాబు మేడమ్‌కి ఒకటి వేశాను," అంది మెల్లగా. "ఇది ఇలాగే వెళ్ళుంటే ఆవిడ చూసేవారు."

తిన్నది చాలించి చెయ్యి కడుక్కుని వచ్చింది. ఇస్త్రీ బల్ల మీద కాగితం పరిచి ఒక్కో గడీ కొట్టేసి పక్కన సరిగ్గా వేయడం మొదలుపెట్టింది. చివరి గడిలో అంకె కొట్టేసి ఆగింది. కొట్టివేతలతో కాగితం కోడి గీరిన నేలలా ఉంది. "ఇలా పంపితే ఏది నా మాటో వాళ్ళకెలా తెలుస్తుంది? రాసి చెప్పాలి," అంది, అదేదో శిక్షలా. తెల్లగా వదిలేసిన అరపేజీ మీదకి పెన్ను వచ్చింది.

అక్క పది నిమిషాలు రాసింది. ఆమె అంతసేపు ఏకబిగిన చెప్పడం ఇంట్లో ఎవరూ చూడలేదు. నాన్న ఇస్త్రీపెట్టె తీసుకున్నాడు గానీ అదే చొక్కాని మూడుసార్లు రుద్దాడు. పూర్తయ్యాక అక్క కాగితం పిచ్చుక వైపు తోసింది.

"పైకి చదువమ్మా, మేమూ వింటాం," అన్నాడు నాన్న.

పిచ్చుక చదివింది:

'ముందుగా క్షమించండి. మాది లాండ్రీ. మా దగ్గర ఒకటంటే మంచిది, ఐదంటే ఆశ లేనిది. ఆ అలవాటులో తిరగేసి వేశాను.

చిన్న బడిలో చదివి వచ్చాను. మొదటి ఆరు నెలలూ పాఠాలు అర్థం కాక రాత్రిళ్ళు ఏడ్చాను. అది ఎవరూ గమనించలేదు. గమనించి ఉండాల్సింది. రెండో ఏడాది ఒక మాస్టారు తన పాత నోట్సు చదివి వినిపించి వెళ్ళిపోయేవారు. ఆ కాగితాలు పసుపురంగుకి తిరిగాయి. క్యాంటీను గురించి రాయను.

లాబులో తెలియని ఉప్పు ఇచ్చి అందులో ఏముందో కనుక్కోమనేవారు. ఏ సీసాలో ఏముంటుందో పై తరగతివాళ్ళ జాబితా ఒకటి అందరి దగ్గరా తిరిగేది. ఒకసారి ఆ జాబితాలో ఉన్నది నా గాజుగొట్టంలో రాలేదు. అందరూ జాబితా చూసి రాశారు. నాకు ధైర్యం ఎక్కువై కాదు, మళ్ళీ చేసి చూసే సమయం చాలక, నాకు కనిపించింది మాత్రమే రాసి, ఎందుకలా అయిందో తెలియదు అని రాశాను. మేడమ్ సగం మార్కులే వేశారు. కానీ నన్ను పిలిచి, నువ్వు చూసింది రాశావు, అది వదలకు, మిగతాది పుస్తకాల్లో దొరుకుతుంది అన్నారు.

ఇప్పుడు రోజూ నా ముందుకి తెలియని మరకలు వస్తాయి. ముందు చూస్తాను. తెలియకపోతే తెలియదంటాను. నా పనికి నా చదువు ఎలా ఉపయోగపడిందని అడిగారు. ఇలా.'

నాన్న ఇస్త్రీపెట్టె నిలబెట్టి, అక్క వైపు చూడకుండా, గాల్లో ఒక వేలు చూపించాడు.

"ఒక్క గడి మిగిలిపోయింది," అంది పిచ్చుక. "ఇరవై రెండోది. ఇంకొకరికి ఈ కాలేజీని చెప్తారా? ఒకటి కొట్టేశావు, పక్కన ఏం వేయలేదు. ఐదు వేయనా?"

అక్క కాగితం వెనక్కి తీసుకుంది. చాలాసేపు ఆ గడి వైపు చూసింది. చొక్కా మెడపట్టీ వెలుతురుకి పట్టి చూసినట్టే చూసింది. ఆ తర్వాత మూడు వేసింది.

"మూడేంటి?" పిచ్చుక మొహం వాడింది. "అంతా అంత బాగా రాసి మూడా?"

"ఎటు నుంచి లెక్కపెట్టినా అది మూడే. వాళ్ళకీ తప్పు కాదు, మనకీ తప్పు కాదు."

"వాళ్ళ మూడంటే ఏదో ఒక మాదిరి అని!"

"వాళ్ళ సంగతి వదిలెయ్. మన మూడంటే ఏంటి?"

పిచ్చుకకి చిన్నప్పటి నుంచి నోటికొచ్చినదే. చెయ్యి పడాలి, ఓపిక పట్టాలి, అప్పుడు పోతుంది.

"నాకు మొదటి ఆరు నెలలు పట్టింది," అంది అక్క. "నీకు రెండు నెలలే పట్టొచ్చు, ఏడాది పట్టొచ్చు. ఊరికే మాత్రం రాదు. ఊరికే వచ్చేస్తుందని నేను రాస్తే అబద్ధం అవుతుంది. అందుకే నీకు చెప్పలేదు. ఇప్పుడు అడిగావు, చెప్పాను." ఒక రోజుకి అన్ని మాటలు ఎక్కువైనట్టు కాగితాలు మడిచి కవర్లో పెట్టి, అంచు తడిచేసి అతికించింది.

పిచ్చుక తన కాగితం తీసి అక్క ముందు పెట్టింది. కొత్త కాలేజీ గడిలో నల్లటి టిక్కు మెరుస్తోంది. "కోపంలో పెట్టేశాను. గుర్తుల పెన్నుతో."

అక్క కాగితాన్ని వెలుతురుకి పట్టి వెనక నుంచి చూసింది. సిరా అవతలికి దిగిపోయింది.

"డాక్టరుగారూ, ఎన్నో నంబరు?" అంది అమ్మ.

"ఐదు," అంది అక్క. అప్పుడు నవ్వింది, రోజంతా దాచుకున్నదంతా ఒక్కసారిగా.

"దానికెందుకు డాక్టరు, కొట్టేసి పక్కన సంతకం పెడితే చెల్లుతుంది. లేదూ, అదే ఉంచుకుంటానంటే అదే ఉంచుకో," అన్నాడు నాన్న. "నీ ఇష్టం తల్లీ. రెండింటికీ దారి ఒకటే, నాలుగింటిలోపు మాత్రం వెళ్ళు."

గోడ గడియారం మూడూ పది చూపిస్తోంది. అక్క ఇస్త్రీ బల్ల అవతలికి వెళ్ళి మేనేజరు చొక్కా తీసి, మచ్చ మీద ఇంకో రెండు చుక్కలు వేయడం మొదలుపెట్టింది. పిచ్చుక ఏం చేస్తుందో చూడకూడదని గట్టిగా అనుకున్నట్టు వీపు ఇటు తిప్పింది. అమ్మ కంచాలు తీసింది.

పిచ్చుక బల్ల మీద వంగింది. నల్లటి టిక్కు మీద అడ్డంగా గీత గీసి, పక్కన సంతకం పెట్టింది. రసాయనశాస్త్రం గడిలో టిక్కు పెట్టింది. సిరా ఆరేదాకా ఊదింది. కాగితాన్ని అట్ట ఫైలులో పెట్టి దారం ముడి వేసింది.

ఆ తర్వాత చీటీల డబ్బాలోంచి ఒక నల్లట్ట ముక్క తీసింది. సుద్దముక్కతో దాని మీద మూడు వేసింది. తన అట్ట మూలన పిన్నుతో గుచ్చింది. ఎవరు అంకె వేస్తే పని వాళ్ళదే అని ఈ ఇంట్లో అందరికీ తెలుసు.

అట్ట చంకలో, అక్క కవరు చేతిలో పట్టుకుని గుమ్మం దగ్గరికి నడిచింది. అమ్మ తలెత్తింది, ఏదో ఒకటి వాగుతూ కదా వెళ్తుంది అని. అక్క కూడా గాజుకడ్డీ ఆపి చెవి ఇటు పెట్టింది.

పిచ్చుక చెప్పులు వేసుకుని, మెట్టు దిగి, నోరు విప్పకుండా వెళ్ళిపోయింది.